హైదరాబాద్ సూత్రం, భిలాయ్ ప్లేటు: యుద్ధనౌక ఉక్కు వెనుక కథ

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ నావికాదళంలో చేరింది. 262 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు ఉన్న ఆ నౌక ఫొటోల్లో అందరి చూపూ డెక్కు మీదే నిలిచింది. ఆ డెక్కు ఏ లోహంతో చేశారన్నది చాలామందికి తట్టని ప్రశ్న. నౌకకు కావలసిన ప్రత్యేక ఉక్కు సుమారు 30 వేల టన్నులు తమ భిలాయ్, బొకారో, రూర్కెలా కర్మాగారాల నుంచే వెళ్ళిందని భారత ఉక్కు ప్రాధికార సంస్థ 'సెయిల్' ప్రకటించింది. ఆ ఉక్కు పేరు డీఎంఆర్ 249. పేరులో మొదటి మూడు అక్షరాలూ హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్ఎల్‌ను గుర్తుచేస్తాయి. ఇందులో రెండు రకాలున్నాయి. నౌక బయటి దేహానికి వాడేది 249ఏ. విమానాలు వచ్చి దిగే డెక్కుకు వాడేది ఇంకా బలమైన 249బీ.

సూత్రం హైదరాబాద్‌ది, తయారీ భిలాయ్ వంటి కర్మాగారాలది. వినడానికి ఇంతే. ప్రయోగశాలలో చిన్న కొలిమిలో కరిగించిన కొద్దిపాటి లోహానికి, కర్మాగారంలో ఒక్కో విడతకు వంద టన్నులకు పైగా కరిగే లోహానికి మధ్య ఉన్న దూరాన్ని దాటడమే అసలు ఆవిష్కరణ. కాగితం మీద రాసి పేటెంటు కార్యాలయంలో దాఖలు చేసేది ఆ పనిలో ఒక ముక్క మాత్రమే.

ఉక్కు కోసం ఆగిన నౌక

విక్రాంత్ కోసం మొదటి ఉక్కు ప్లేటును 2005 ఏప్రిల్‌లో కోశారు. నౌకకు వెన్నెముక లాంటి కీల్‌ను నిలిపింది మాత్రం 2009 ఫిబ్రవరి 28న. మధ్యలో దాదాపు నాలుగేళ్ళు గడిచాయి. ఆ ఆలస్యానికి ఉన్న కారణాల్లో ఉక్కు ముఖ్యమైనది. అప్పటిదాకా మన యుద్ధనౌకల ఉక్కు చాలావరకు బయటి దేశాల నుంచే వచ్చేది. విక్రాంత్ కోసం రష్యా నుంచి రావలసిన ఉక్కు అనుకున్న సమయానికి అందలేదు. డబ్బు ఉన్నా, డిజైను ఉన్నా, షిప్‌యార్డు సిద్ధంగా ఉన్నా ప్లేటు లేకపోతే నౌక లేదు. ఆ ఖాళీని పూరించడానికే డీఎంఆర్ఎల్ సూత్రాన్ని సెయిల్ కొలిముల్లోకి ఎక్కించవలసి వచ్చింది.

ఈ పనిలో పాలు పంచుకున్న భిలాయ్ ఎక్కడో కొత్తగా పుట్టిన ఊరు కాదు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో ఈ కర్మాగారం మొదలైంది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజం, నందిని గనుల సున్నపురాయి ఈ కొలిములకు మేత. ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దేశంలో చాలామందికి భిలాయ్ అంటే రైలు పట్టాలే గుర్తొస్తాయి. 260 మీటర్ల పొడవైన పట్టాల ప్యానెళ్ళు ఇక్కడి నుంచే బయలుదేరతాయి. ఆ పట్టాల తయారీలో నేర్చుకున్న ఒక క్రమశిక్షణే నౌక ఉక్కుకూ అక్కరకొచ్చింది. ఆ సంగతి కాసేపట్లో.

బలంగా ఉన్నా ఎందుకు విరుగుతుంది?

1943 జనవరి 16 రాత్రి అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో స్కెనెక్టడీ అనే కొత్త చమురు నౌక కదలకుండా నిలబడి ఉంది. తుపాను లేదు, శత్రువు లేడు. నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో నౌక నడుమ నుంచి దాదాపు రెండుగా చీలిపోయింది. అప్పట్లో హడావుడిగా కట్టిన దాదాపు 2,700 లిబర్టీ రవాణా నౌకల్లోనూ ఇలాంటి పగుళ్ళు వందల సంఖ్యలో కనిపించాయి.

మొదట వెల్డింగ్ కార్మికులనే తప్పుపట్టారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే లోహశాస్త్రవేత్త అసలు దోషం ఉక్కులోనే ఉందని చూపించారు. ఉక్కుకు ఒక విచిత్ర లక్షణం ఉంది. మామూలు ఉష్ణోగ్రతలో దెబ్బ తగిలితే సొట్టపడుతుంది, సాగుతుంది. ఒక స్థాయి కంటే చల్లబడితే అదే ఉక్కు గాజులా పెళుసుగా విరుగుతుంది. ఆ మార్పు జరిగే ఉష్ణోగ్రత ఒక్కో ఉక్కుకు ఒక్కో చోట ఉంటుంది. లిబర్టీ నౌకల ఉక్కుకు అది సముద్రపు చలికి చేరువలోనే ఉంది. పైగా పాతకాలపు రివెట్ల నౌకలో పగులు ఒక ప్లేటు అంచుకు వచ్చి ఆగిపోయేది. వెల్డింగ్‌తో అతికిన నౌక మొత్తం ఒకే ముక్క కనుక, పగులుకు దారి బార్లా తెరిచినట్టే అయింది.

హిందూ మహాసముద్రంలో గడ్డకట్టే చలి ఉండదు కదా, మనకెందుకు ఈ బాధ అనిపించవచ్చు. ఇక్కడే యుద్ధనౌక వేరవుతుంది. నీటి అడుగున మందుపాతర పేలితే లోహం మీద పడే దెబ్బ రెప్పపాటులో వెయ్యోవంతు కాలంలో పడుతుంది. సాగడానికి ఉక్కుకు వ్యవధి చిక్కదు. దెబ్బ వేగం పెరిగేకొద్దీ ఉక్కు చల్లబడినట్టే ప్రవర్తిస్తుంది. అందుకే కొచ్చి వేడిలో తిరిగే నౌక కోసం చేసిన ప్లేటును మైనస్ 60 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. ఆ చలి వాతావరణానికి ప్రతినిధి కాదు, పేలుడుకు ప్రతినిధి.

పరీక్ష మాత్రం చాలా సాదాగా ఉంటుంది. ప్లేటు నుంచి 55 మిల్లీమీటర్ల పొడవు, పది మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న కడ్డీ కోసి, దాని నడుమ 2 మిల్లీమీటర్ల గాటు పెడతారు. చల్లని ద్రవంలో ముంచి, బయటికి తీసిన అయిదు సెకన్లలోపే లోలకంలా ఊగే బరువైన సుత్తితో కొడతారు. విరగ్గొట్టాక సుత్తి అవతలి వైపు ఎంత ఎత్తు తక్కువగా లేచిందో చూస్తే కడ్డీ ఎంత శక్తిని మింగిందో తెలుస్తుంది. ఫ్రెంచ్ ఇంజినీరు జార్జ్ షార్పీ 1901 ప్రాంతంలో స్థిరపరచిన పద్ధతి ఇది. 249ఏ ఉక్కు మైనస్ 60 డిగ్రీల దగ్గర కనీసం 78 జౌల్స్ శక్తిని మింగాలి. ఎనిమిది కిలోల బరువును మీటరు ఎత్తు లేపడానికి పట్టే శక్తి అది. గాటు పెట్టిన, వేలెడంత కడ్డీ విషయంలో ఇది చిన్న సంఖ్య కాదు.

బియ్యంలో ఉప్పంత

ఉక్కును బలంగా చేయడం కష్టం కాదు. కార్బన్ పెంచితే బలం వస్తుంది. కాని దాని వెంటే పెళుసుతనమూ వస్తుంది, వెల్డింగ్ దగ్గర పగుళ్ళూ వస్తాయి. నౌక నిర్మాణమంటే ప్లేటు పక్కన ప్లేటు పెట్టి కిలోమీటర్ల కొద్దీ వెల్డింగ్ చేయడమే. అందువల్ల 249ఏ లో కార్బన్‌ను నూటికి 0.1 శాతం ప్రాంతానికి పరిమితం చేశారు. టన్ను ఉక్కులో ఒక కిలో. మరి బలం ఎక్కడి నుంచి రావాలి? మామూలు నిర్మాణ ఉక్కు 250 మెగాపాస్కల్స్ ఒత్తిడి దగ్గరే శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. ఈ ఉక్కు 390 దాకా ఓర్చుకోవాలి. అంటే చదరపు మిల్లీమీటరుకు 40 కిలోల బరువు.

జవాబు ఉక్కు లోపలి రేణువుల పరిమాణంలో ఉంది. ఉక్కు ఒకే పలక కాదు. కంటికి కనిపించని లక్షల స్ఫటిక రేణువుల సముదాయం. చిన్న చిన్న కమతాలున్న పొలంలో అడ్డంగా పరుగెత్తేవాడికి అడుగడుగునా గట్టు అడ్డొచ్చినట్టే, పగులుకు ప్రతి రేణువు అంచూ ఒక అడ్డు. దాటిన ప్రతిసారీ దిశ మార్చుకోవాలి, శక్తి ఖర్చుపెట్టుకోవాలి. రేణువులు చిన్నవైతే బలం పెరుగుతుంది, పెళుసుతనమూ తగ్గుతుంది. లోహశాస్త్రంలో రెండు లాభాలూ ఒకేసారి ఇచ్చే మార్గం దాదాపు ఇదొక్కటే. మిగతావన్నీ ఒకటిచ్చి ఇంకొకటి లాక్కునేవే.

రేణువులను చిన్నవిగా ఉంచడానికి నియోబియం, వెనేడియం, టైటానియం వంటి మూలకాలను నూటికి కొన్ని వందోవంతుల మేర కలుపుతారు. వంద టన్నుల కరిగిన ఉక్కుకు నియోబియం ముప్పై నలభై కిలోలు చాలు. బస్తా బియ్యం అన్నంలో గుప్పెడు ఉప్పు కంటే తక్కువ. ఎర్రగా కాలిన స్లాబును రోలర్ల మధ్య నొక్కుతున్నప్పుడు రేణువులు నలిగి చిన్నవవుతాయి. అయితే ఆ వేడిలో మళ్ళీ ఒకదాన్ని ఒకటి కలుపుకుని పెరిగిపోవాలని చూస్తాయి. నియోబియం కార్బన్‌తో కలిసి ఏర్పరచే అతి సూక్ష్మమైన కణాలు రేణువుల అంచులకు మేకుల్లా అడ్డుపడి ఆ పెరుగుదలను ఆపుతాయి. దీనికి తోడు నూటికి ఒక శాతం లోపు నికెల్ చలిలో పెళుసుతనం రాకుండా కాస్తుంది.

ఈ కూర్పు రహస్యమేమీ కాదు. శాస్త్ర పత్రికల్లో వచ్చిన పరిశోధన పత్రాల్లో చాలావరకు ఉంది. కావలసిన వారెవరైనా చదువుకోవచ్చు. అయినా చదివిన ప్రతివారూ ఈ ఉక్కు చేయలేరు.

మిల్లులో ఏం జరుగుతుంది

చిక్కు మూడు చోట్ల వస్తుంది. మొదటిది గంధకం. ఉక్కులో మిగిలిపోయిన కాస్త గంధకం మాంగనీసుతో కలిసి మెత్తని ముద్దలుగా ఏర్పడుతుంది. ప్లేటును నొక్కేటప్పుడు ఆ ముద్దలు కూడా చపాతీలో ఇరుక్కున్న మైనపు ముక్కలా పొడవుగా సాగుతాయి. అవే పగుళ్ళకు సిద్ధంగా ఉన్న దారులు. గంధకాన్ని వీలైనంత తీసేయాలి. మిగిలినదాన్ని కాల్షియంతో గట్టి గుండ్రని పూసలుగా మార్చాలి. అవి రోలర్ కింద సాగవు.

రెండోది హైడ్రోజన్. కరిగిన ఉక్కు గాలిలోని తేమ నుంచి, తడిగా ఉన్న ముడిపదార్థాల నుంచి హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది. చల్లబడ్డాక అది బయటికి పోలేక లోపల సన్నటి పగుళ్ళు పుట్టిస్తుంది. భిలాయ్‌కు ఈ శత్రువు పాత పరిచయమే. రైలు పట్టాల ద్రవ ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 1.6 భాగాలు మించకూడదని రైల్వే ప్రమాణం. అంటే టన్నుకు ఒకటిన్నర గ్రాము. లోపలి పగులుతో పట్టా విరిగితే ఏమవుతుందో రైల్వే వారికి చెప్పనక్కర్లేదు. ఈ వాయువును తీసేయడానికి కరిగిన ఉక్కును శూన్యంలోకి పంపుతారు. సోడా సీసా మూత తీసినప్పుడు బుడగలు పైకి వచ్చినట్టు, పైన ఒత్తిడి తగ్గగానే హైడ్రోజన్ బయటపడుతుంది. పట్టాల కోసం అలవాటైన ఈ శ్రద్ధే ఇందాక చెప్పిన క్రమశిక్షణ.

మూడోది ఉష్ణోగ్రత. భిలాయ్ ప్లేట్ మిల్లు 3,600 మిల్లీమీటర్ల తరగతి మిల్లు. స్లాబును 1,200 డిగ్రీల ప్రాంతానికి కాల్చి, దశలవారీగా నొక్కుతూ పోవాలి. చివరి నొక్కుళ్ళు వేడి మీద పడితే రేణువులు పెరిగిపోతాయి. మరీ చల్లారాక పడితే మిల్లు మీద భారం పెరుగుతుంది, ప్లేటు వంకర పోతుంది. సన్న ప్లేటు ఒకలా చల్లారుతుంది, మందపు ప్లేటు మరొకలా. ప్లేటు మధ్యభాగం ఒకలా, అంచు మరొకలా. తరవాతి ఉష్ణచికిత్సలోనూ ఇదే గొడవ. ఇవన్నీ సరిపడి ప్రతి ప్లేటూ 78 జౌల్స్ గీత దాటాలి. పదింటిలో తొమ్మిది దాటితే చాలదు, ఎందుకంటే పగులు పదో ప్లేటును వెతుక్కుంటూ వస్తుంది. అందుకే ప్రతి ప్లేటు మీదా అది ఏ విడత ఉక్కులో పుట్టిందో చెప్పే సంఖ్య ముద్రించి ఉంటుంది. తేడా వస్తే ఆ సంఖ్య పట్టుకుని కొలిమి దాకా వెనక్కి నడవవచ్చు.

ప్లేటుతోనూ పని అయిపోదు. వెల్డింగ్‌కు వాడే ఎలక్ట్రోడ్ కూడా అదే స్థాయిలో ఉండాలి. లేకపోతే మంచి గుడ్డకు పుచ్చిన దారంతో కుట్టు వేసినట్టవుతుంది. ఈ ఉక్కుకు తగిన ఎలక్ట్రోడ్లనూ దేశంలోనే రూపొందించవలసి వచ్చింది.

చెప్పాలా, దాచాలా?

ఇలాంటి ఆవిష్కరణకు పేటెంటు ఎలా పనిచేస్తుంది? పేటెంటు అంటే ఒక బేరం. ఆవిష్కర్త తన పద్ధతిని, ఆ రంగం తెలిసినవాడెవడైనా చదివి చేయగలిగేంత వివరంగా బయటపెట్టాలి. బదులుగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళపాటు దానిపై హక్కు పొందుతాడు. అది కొత్తదై ఉండాలి, ఆ రంగం వారికి ఇట్టే తట్టేది కాకూడదు, పరిశ్రమలో పనికొచ్చేదై ఉండాలి. కర్మాగారం ఇంజినీరు కనిపెట్టినదానిపై హక్కు సాధారణంగా ఉద్యోగ ఒప్పందం ప్రకారం సంస్థకు వెళ్తుంది. ఆవిష్కర్తగా పేరు మాత్రం ఆ మనిషిదే. ఛత్తీస్‌గఢ్ నుంచి వెళ్ళే దరఖాస్తులు ముంబయి పేటెంటు కార్యాలయం పరిధిలోకి, తెలుగు రాష్ట్రాలవి చెన్నై పరిధిలోకి వస్తాయి.

మామూలుగా దరఖాస్తు దాఖలైన 18 నెలలకు ప్రచురితమవుతుంది. దేశ రక్షణకు సంబంధించినదైతే? దానికి 1970 నాటి పేటెంట్ల చట్టంలోనే దారి ఉంది. 35వ సెక్షన్ ప్రకారం కంట్రోలర్ ఆ దరఖాస్తును ప్రచురించకుండా, సమాచారం బయటికి పొక్కకుండా ఆదేశం ఇవ్వవచ్చు. అలాగని ఆవిష్కరణను శాశ్వతంగా తాళం వేసి ఉంచడం కాదు. ఆ ఆదేశం ఇంకా అవసరమా అని ఆరు నెలలకోసారి తిరిగి పరిశీలించాలి. ఇక్కడ నివసించేవారు అనుమతి లేకుండా నేరుగా విదేశాల్లో దరఖాస్తు చేయకూడదని 39వ సెక్షన్ చెబుతుంది. ముందు ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగడం రెండో మార్గం. ఈ నియమం తెలియక ఇబ్బంది పడేది పెద్ద సంస్థలు కాదు, సొంతంగా ఏదో కనిపెట్టిన ఇంజినీర్లే.

ఉక్కు చరిత్రలో ఈ సందిగ్ధం కొత్తది కాదు. చవకగా ఉక్కు చేసే పద్ధతి కనిపెట్టిన హెన్రీ బెస్సెమర్ అంతకుముందు కంచు పొడి తయారుచేసే యంత్రం కనిపెట్టాడు. దానికి పేటెంటు తీసుకోలేదు. యంత్ర భాగాలను వేర్వేరు చోట్ల చేయించి, దగ్గరి బంధువులనే పనిలో పెట్టుకుని దశాబ్దాలపాటు రహస్యం కాపాడాడు. ఆ లాభంతోనే ఉక్కు ప్రయోగాలు చేశాడు. ఉక్కు పద్ధతికి మాత్రం పేటెంట్లు తీసుకుని 1856లో బహిరంగంగా ప్రకటించాడు. లైసెన్సు కొన్నవాళ్ళు అదే పద్ధతి పాటించినా పనికిరాని లోహమే వచ్చింది. బెస్సెమర్ తన ప్రయోగాల్లో వాడిన ఇనుములో భాస్వరం అనుకోకుండా తక్కువ ఉంది. వాళ్ళ ఇనుములో ఎక్కువ ఉంది. పేటెంటులో ఈ విషయం లేదు, ఎందుకంటే అది కనిపెట్టినవాడికే తెలియదు. భాస్వరాన్ని వదిలించే ఉపాయం రెండు దశాబ్దాల తరవాత పోలీసు కోర్టులో గుమాస్తాగా పనిచేసిన సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ చేతుల్లో బయటపడింది. బెస్సెమర్ ఉక్కును మాంగనీసుతో బాగుచేసిన రాబర్ట్ ముషెట్ సంగతి ఇంకా విచిత్రం. స్టాంపు రుసుము కట్టకపోవడంతో 1859లో ఆయన పేటెంటు చెల్లకుండా పోయింది.

పేటెంటు ఆయుష్షు 20 ఏళ్ళు. యుద్ధనౌక అంతకంటే ఎక్కువ కాలం సముద్రం మీద ఉంటుంది. కూర్పు తెలిసినా చేయలేకపోవడం ఈ రంగంలో తాళం కంటే గట్టి కాపలా. బెస్సెమర్ లైసెన్సుదారులకు ఎదురైనదీ అదే.

249ఏ ఉక్కు విక్రాంత్ దగ్గరే ఆగలేదు. జలాంతర్గాములను వేటాడే కమోర్టా తరగతి నౌకలకూ దాన్నే వాడారు. వాటిలో మొదటిదైన ఐఎన్ఎస్ కమోర్టా 2014 ఆగస్టు 23న విశాఖపట్నంలో, విక్రాంత్ కంటే ఎనిమిదేళ్ళ ముందే నావికాదళంలో చేరింది. దాన్ని కట్టింది కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌యార్డు. ఏ కర్మాగారపు ప్లేటైనా షిప్‌యార్డుకు బయలుదేరే ముందు దాని నుంచి కోసిన చిన్న కడ్డీలు మైనస్ 60 డిగ్రీల చల్లదనంలో సుత్తి దెబ్బ కోసం ఎదురుచూస్తుంటాయి.